రెండూ ఎడమ చేతులే

జనవరి 11

అక్కా,

పార్సిల్ అందింది. గుమ్మంలోనే విప్పించారు మావాళ్ళు. నీ గౌన్లు, నీ చొక్కాలు, ఆ బూడిదరంగు ప్యాంటు మంచం మీద పరిచేసరికి ఇల్లంతా నీ బీరువా వాసన. నీ మరిది "ఇంకేం, ఈ ఏడాదికి నీకు బట్టల బెడద తీరింది" అన్నారు. అత్తగారు ఒక్కో గుడ్డనీ వేళ్ళ మధ్య నలిపి చూసి, "మీ అక్క గుడ్డ ఎంచడంలో గట్టిది సుమా" అన్నారు. నేను ఒక గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. మా పెద్దది వెనకనుంచి ఎగాదిగా చూసి, "అమ్మా, నువ్వు పెద్దమ్మ వేషం వేసినట్టున్నావ్" అంది. దాని నోటికి తాళం లేదు. కళ్ళు మాత్రం మంచివి.

కోప్పడకుండా చదువు. ఇదే ఆఖరి పార్సిల్ కావాలి. ఇక పంపకు.

నాకు బట్టలు ఎక్కువై కాదు. కుట్టుమిషన్ కొన్నాను. మా వీధి చివరి దర్జీ కొట్టు ఎత్తేస్తూ పాత మిషన్ అమ్మకానికి పెడితే తెచ్చుకున్నాను. కాలితో తొక్కేది. నడవలో ఫ్రిజ్‌కీ చెప్పుల స్టాండుకీ మధ్య సరిగ్గా పట్టింది. ఫ్రిజ్ తలుపు తియ్యాలంటే నేను లేచి నిలబడాలి, అంతే.

బీరువాలో మూడో అర నాది. అందులో ఉన్నవన్నీ నీ ఒంటికి కుట్టించినవి. నీ భుజాలు వెడల్పు, నావి ఇరుకు. నీకు నడుం ఉన్నచోట నాకు పొట్ట ఉంది. ఈ ఏడాది చివరికి ఆ అరలో నా కొలతకి, నా చేత్తో కుట్టినవే ఉండాలని పట్టుబట్టాను. చొక్కాలు, ప్యాంటు, ఇంట్లోకి గౌన్లు, చలికాలానికి ఒక కోటు. కోటుకి నీలం గుడ్డ అప్పుడే కొనేశాను. మంచి నీలం. కొట్టువాడు "ఎవరికమ్మా?" అన్నాడు. "నాకే" అని చెప్పడానికి ఎంత సిగ్గేసిందో!

పిల్లల బడి, టిఫిన్ డబ్బాలు, క్రెష్‌లో నా సగంపూట ఉద్యోగం, అత్తగారి మందులు, వీటి మధ్య ఎప్పుడు కుడతావే అంటావు. కుక్కర్ కూతపెట్టేలోగా ఒక పక్క కుట్టు పడుతుంది. చూసుకున్నాను.

నువ్వు రాసే వారపత్రిక ప్రతివారం అందుతోంది.

నీ
గుండీ


జనవరి 20

గుండీకి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో బల్ల గుద్దాలో తెలియక రెండూ చేశాను. కాఫీ ఒలికింది.

ముందు ఒకటి సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. కొత్త బట్టలకి మరిదిగారు వద్దన్నారా? "బట్టల బెడద" అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. బెడదట! పెళ్ళాం ఒంటిమీది గుడ్డ ఆయనగారికి బెడద! నా బట్టలు నీకు వద్దనిపిస్తున్నది కూడా ఆయన పౌరుషమేనని నాకు అర్థం కాదనుకోకు.

ఇక మిషన్ సంగతి. బళ్ళో కుట్ల టీచరు గుర్తుందా? ఆ గంటలో మగపిల్లలకి ఆటలు, మనకి కాజాలు. నేను కుట్టనంటే కుట్టనని మొండికేసి, ఎండలో నిలబెడితే నిలబడ్డాను గానీ సూది పట్టలేదు. అప్పుడు నేను విసిరేసిన సూదిని నువ్వు ఇన్నేళ్ళ తర్వాత వెతికి మరీ తీసుకుని, స్వేచ్ఛ దొరికిందని గంతులేస్తున్నావు. వంట నీది, గిన్నెలు నీవి, పిల్లల ముక్కులు తుడవడం నీది, ముసలావిడ మందులు నీవి. చాలవన్నట్టు బట్టల ఫ్యాక్టరీ కూడా నడవలోకి తెచ్చుకున్నావు. కూతకీ కూతకీ మధ్య మిగిలిన కాస్త ఊపిరి కూడా పనికే రాసిచ్చేశావు. దాన్ని సరదా అనరు గుండీ, ఓవర్‌టైము అంటారు. జీతం లేని ఓవర్‌టైము.

ఇంకొకటి చెబుతాను, గోడమీద రాసిపెట్టుకో. నీ కోసం కుట్టుకుంటానంటున్నావుగా, ఆ మిషన్ చప్పుడు వినగానే ఇల్లు ఇల్లంతా వచ్చి నీ ముందు వరస కడుతుంది.

ఇంటిచాకిరీ మీద నా వ్యాసాల వరస ఈ వారమే మొదలైంది. ఫోటో కూడా పెద్దది వేశారు, ముక్కు మరీ పొడుగ్గా వచ్చింది. పత్రికలన్నీ భద్రంగా దాచు. పెద్దది ఎదిగాక చదవాలి.

చిన్నప్పుడు నా గౌన్లమీది గుండీలన్నీ కొరికి ఉమ్మేసిన దానివి, ఇప్పుడు గుండీలు కుడతావుటే! మా కాలేజీలో ఈ ముక్క చెబితే స్టాఫ్‌రూమంతా ఒకటే నవ్వు.

కోపంతోనూ ప్రేమతోనూ,
అక్క


ఫిబ్రవరి 16

అక్కా,

నీ మరిది ఏమీ వద్దనలేదు. "కొనుక్కో" అనే అంటారు. నేనే కొట్టుకెళ్ళాను. అద్దాల గదిలో ఏది తొడిగినా భుజం దగ్గర వేలాడుతుంది, పొట్ట దగ్గర పట్టేస్తుంది. బయట నిలబడ్డ అమ్మాయి "మీ ఆకారానికి రావండీ" అంది. ఆకారం! అప్పుడు నిర్ణయించుకున్నాను. ఇందులో ఆయన పౌరుషం ఏమీ లేదు. కాస్తో కూస్తో ఉంటే నాదే.

మొదటి చొక్కా అయింది. అయిందంటే అయింది గానీ, రెండూ ఎడమ చేతులే!

చొక్కా చెయ్యి కత్తిరించడంలో ఒక మెలిక ఉంది. చంక దగ్గర ముందువైపు గుంట లోతుగా ఉండాలి, వెనకవైపు తక్కువ. అందుకని ఒక చేతికి కాగితాన్ని ఒకవైపు పరిస్తే, రెండో చేతికి దాన్ని బోర్లించి పరచాలి. లేకపోతే రెండూ ఒకవైపువే వస్తాయి. నేను వాడిన కాగితం నీ వారపత్రిక. నడిమి పేజీ విప్పితే చెయ్యి మొత్తం ఒక్క కాగితంలో వచ్చేస్తుంది, అచ్చు కొలిచినట్టు. నీ ఫోటో సరిగ్గా భుజం దగ్గర పడింది. మొదటి చెయ్యి బాగానే కత్తిరించాను. రెండోదానికి కాగితం తిప్పబోతే నీ ముఖం కిందికి పోతోంది. నిన్ను అలా బోర్లా పడుకోబెట్టి, వీపుమీద మోకాలు వేసి నొక్కడానికి మనసొప్పలేదే. ఒక్కసారికి ఏమవుతుందిలే అని ముఖం పైకే ఉంచి కత్తిరించేశాను. ఏమవుతుందో కుట్టాక తెలిసింది.

నవ్వుకో. నేనూ నవ్వాను. వేసుకుంటే ఎవరికీ తెలియదు. కుడిచెయ్యి పైకెత్తితే మాత్రం చంకలో పట్టేస్తుంది. మిగిలిన గుడ్డలో ఇంకో చెయ్యి కత్తిరిద్దామనుకునేలోగా అత్తగారు వచ్చి, "ఆ ముక్క నా దిండుకి గలీబు కుట్టిపెడతావా? నీకు అక్కర్లేకపోతేనే" అన్నారు. ఆవిడ ఎప్పుడూ ఏదీ నోరు తెరిచి అడగరు. కుట్టిచ్చాను. ఆ పూటంతా దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నువ్వన్న వరస ఇంకా రాలేదు. చిన్నాడి బడిసంచీ జిప్పు, నీ మరిది ప్యాంట్ల అంచులు, ఆయన ఆఫీసులో ఒకాయన ఇంటి కర్టెన్లు. అంతే.

నీ
గుండీ


ఫిబ్రవరి 25

గుండీకి,

నా వ్యాసం నీ చంకలోకి వెళ్ళిందన్నమాట! నా రాతల్ని చింపినవాళ్ళున్నారు, చెత్తబుట్టలో వేసినవాళ్ళున్నారు. చంకగుంట తీసినదానివి నువ్వొక్కదానివే. ఒక్క మాట అడుగుతాను, కత్తెర పెట్టేముందు చదివావా? అబద్ధం చెప్పకు.

"అంతే"ట! జిప్పు, అంచులు, కర్టెన్లు, గలీబు, అంతే! ఇంకో నాలుగు వస్తే అప్పుడు కూడా అంతేనా? తలుపుకి ఒక బోర్డు తగిలించు, "ఇక్కడ ఊరికే కుట్టబడదు" అని. సిగ్గేస్తే చెప్పు, నేనే వచ్చి తగిలిస్తాను.

నాకు అన్నీ వివరంగా రాయి. ఎవరు ఏమడిగారు, ఏ మాటతో అడిగారు, నువ్వేమన్నావు, ఆ గుడ్డ ఎవరిది. ఇది చిన్న సంగతి అని ఏదీ వదలకు. ఎంత చిన్నదైతే అంత రాయి.

బట్టలు పంపొద్దన్నావు కనక ఆగాను. నీ పంతం చల్లారాక చెప్పు, రెండు సంచులు కట్టి ఉంచాను.

అక్క


ఏప్రిల్ 8

అక్కా,

నా సంగతులు ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను. నీ కడుపులో పెట్టుకో.

నువ్వన్నట్టే వరస కట్టారు. గదమాయించి ఎవరూ అడగరు. "నీకెంతసేపు, ఒక్క నిమిషం పని" అంటారు. కింది వాటావాళ్ళ సోఫా గలీబులు ఒక్క నిమిషం. చిన్నాడి స్నేహితుడి తువ్వాలు అంచు ఒక్క నిమిషం. నీ మరిది చెల్లెలి పసిపిల్లకి తొట్టి పరుపు ఒక్క నిమిషం. నా ప్యాంటు గుడ్డ మడతల్లోనే ఉంది.

ఒక ఆదివారం అందరూ బయటికి వెళ్ళేట్టున్నారు. ఆ రోజు కోటు కత్తిరిద్దామని కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. వెనకభాగం, ముందుభాగాలు, కాలరు, జేబులు. మూడో అర తెరిస్తే నీలం గుడ్డ లేదు.

పెద్దదాని బళ్ళో నాటకం. రంగస్థలం వెనక ఆకాశం కావాలన్నారట. ఇంట్లో ఏదైనా నీలం గుడ్డ ఉందా అని అది వాళ్ళ నాన్ననడిగింది. ఆయన తీసిచ్చేశారు. "అరలో ఊరికే పడుందిగా" అన్నారు నాతో. ఊరికేనట. వెనక్కి తెమ్మని నేను నోరు తెరిచేలోగా, మర్నాడు సాయంత్రం పెద్దదే గుడ్డని బడినుంచి ఇంటికి మోసుకొచ్చింది. "అమ్మా, ఆకాశం రెండు ముక్కలు కలపాలిట, టీచర్ నిన్నే కుట్టమంది!" ముఖం ఇంతై వెలిగిపోతోంది. అప్పటికే చంద్రుడి కోసం నడుమ గుండ్రంగా కత్తిరించేశారు, వెనకనుంచి బల్బు పెట్టడానికి. సరిగ్గా నా వీపు రావలసిన చోట.

కుట్టాను. నా కోటు గుడ్డని నేనే ఆకాశంగా కుట్టాను.

నాటకం బాగా జరిగింది. పెద్దది చెట్టు వేషం. బల్బు వెలగగానే హాలంతా చప్పట్లు. నీ మరిది మోచేత్తో పొడిచి, "చూశావా, నీ గుడ్డ ఎంత గొప్పగా ఉందో" అన్నారు. నిజంగానే సంబరపడి అన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. నా చొక్కాయే వేసుకెళ్ళాను కదా, చెయ్యెత్తినప్పుడల్లా కుడి చంక పట్టేసింది. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఎవరికీ చెప్పకు. ఇక్కడ ఎవరూ నాకు చెడు చెయ్యాలని చెయ్యలేదు. అదే బాధ.

నీ
గుండీ


మే 2

గుండీకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని క్లాసుకి వెళ్ళి పాఠం చెప్పలేక వెనక్కొచ్చేశాను. చెడు చెయ్యాలని చెయ్యలేదట! చెడు చెయ్యాలని చేసేవాళ్ళతో పేచీ లేదే, వాళ్ళని గుర్తుపట్టొచ్చు. మంచి మనసుతో నిన్ను కత్తిరించి వాడుకునేవాళ్ళతోనే మనకి పోరు. ఇలాంటిది నా ఒక్కదాని కడుపులో పట్టదు. పెన్ను తీశాను. పత్రిక చూస్తూ ఉండు.

ఈలోగా కోటు పోయిందని దిగులుపడకు. నా నీలం కోటు పంపుతున్నాను. కిందటి చలికాలం మా దర్జీ చేత కుట్టించింది, చెక్కుచెదరలేదు. అచ్చం నీ నీలమే. తొడుక్కుని నన్ను తలుచుకో.

అక్క


జూన్ 10

గుండీ,

కోటు అందిందా? ఉత్తరం లేదు, కబురు లేదు. ఫోను చేస్తే మీ అత్తగారు ఎత్తి "లేదమ్మా" అని పెట్టేస్తున్నారు. ఏం జరుగుతోంది అక్కడ? మరిది పెన్ను లాక్కున్నాడా? నా వ్యాసం చూసి నీమీద చెయ్యి చేసుకున్నాడా? ఒక్క అక్షరం రాయి, వచ్చి తీసుకుపోతాను. నేనెవరికీ భయపడను.

వ్యాసానికి ఉత్తరాలు సంచులతో వస్తున్నాయి. ఎడిటరు ఇంటికొచ్చి మరీ చెయ్యి కలిపాడు. ఒకావిడ ఏమని రాసిందో తెలుసా? "ఆ ఆకాశం ముందు కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను" అని! నీ ఒక్కదాని ఏడుపు ఇప్పుడు ఎంతమందిదో చూడు.

కంగారుగా,
అక్క


జూన్ 21

అక్కా,

ఎవరూ పెన్ను లాక్కోలేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. రాయబుద్ధి కాలేదు.

ప్యాంటు నడుంపట్టీకి కాగితం కావలసి నీ పత్రిక కొత్త సంచిక పరిచాను. చదివాకే కత్తెర పెడతావా అని అప్పుడెప్పుడో అడిగావు. లేదు, చదవను. పనిమధ్యలో ఉంటాను. కత్తెర సగం దాటాక దాని మొన దగ్గర "నీలం గుడ్డ" అన్న మాట కనిపించింది. రెండు ముక్కలూ చేత్తో కలిపి పట్టుకుని, నడవలో నిలబడి చదివాను.

"ఆకాశం కుట్టిన ఆడది" అని పేరు పెట్టావు. కుళాయి కూడా రాశావు. "ఆమె చప్పట్లు కొట్టింది, బానిసకి తన గొలుసు మెరుపు కూడా ముద్దొస్తుంది" అన్నావు. "ఆ ఇంటి ముసలామెకి తలకింద పెట్టుకోవడానికి కూడా కోడలి ఒంటిమీది గుడ్డే కావలసి వచ్చింది" అన్నావు.

పెద్దదాని టీచరు నీ పత్రిక చదువుతుంది. చంద్రుడి కన్నం ఉన్న ఆకాశం ఊళ్ళో ఎన్ని ఉంటాయి? బళ్ళో అందరికీ తెలిసిపోయింది. అది ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా, "అమ్మా, నేను నీ కోటు దొంగిలించానా?" అంది.

అత్తగారికి చదువు రాదు. నువ్వు రాసినవంటే ఆవిడకి గొప్ప. "మీ పెద్దమ్మ ఏం రాసిందో చదవవే" అని దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికే సగం అయింది. దిండు మాట దగ్గర అది ఆగిపోయింది. "చదువు" అన్నారు. చదివింది. మర్నాడు పొద్దున గలీబు ఉతికి, ఇస్త్రీ చేసి, మిషన్ మీద పెట్టి ఉంది. ఆవిడ ఉత్త దిండుమీదే పడుకుంటున్నారు. ఆవిడ అడిగి తీసుకున్నారు అక్కా. "నీకు అక్కర్లేకపోతేనే" అన్నారు. నీకు అలాగే రాశాను. ఆ ఒక్క మాటా నువ్వు వదిలేశావు.

నీ మరిది అరవలేదు. "ఇంట్లో మిషనుంటే మళ్ళీ ఎవరో ఏదో అడుగుతారు, మళ్ళీ పేపర్లో పడతాం" అన్నారు. నేను క్రెష్‌లో ఉన్నప్పుడు దాన్ని తన చెల్లెలి ఇంటికి పంపేశారు. ఫ్రిజ్ తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటోంది.

ఎవరికీ చెప్పకు అన్నాను. వాళ్ళు నా గుడ్డ తీసుకున్నారు. నువ్వు నన్నే తీసుకున్నావు. కత్తిరించి, కుట్టి, ఇస్త్రీ చేసి నీ పేరుతో తగిలించావు.

కోటు అందింది. భుజాలు నీవే.

గుండీ


జులై 1

గుండీకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఒక్కటే అడుగుతాను. నేను రాసినదాంట్లో ఏ వాక్యం అబద్ధం? వేలు పెట్టి చూపించు.

గుడ్డ ఇచ్చేశాడా లేదా? నిన్ను అడిగాడా? నీచేతే కుట్టించారా లేదా? ఇప్పుడు మిషన్ కూడా నీకు చెప్పకుండా పంపేశాడే, నామీద కోపంతోనా? నీది ఏదైనా సరే తనదనుకునే అలవాటుతో. నేను రాయకముందు అలవాటు, రాశాక దానికి కోపమని పేరు, అంతే తేడా. నీ పేరు రాయలేదు, ఊరు రాయలేదు. గుర్తుపట్టారంటే తప్పు నాది కాదు, అద్దంలో ముఖం కనిపించింది వాళ్ళకి.

ముసలావిడ అడిగి తీసుకున్నారన్నావు. కోడలు కాదనలేని ఇంట్లో అడగడానికీ లాక్కోవడానికీ తేడా ఏమిటే? ఆవిడ నొచ్చుకున్నారా? ఆవిడ కోడలిగా ఉన్నప్పుడు నొచ్చుకున్నది ఎవరైనా రాసుంటే ఇవాళ ఈ దిండు గొడవే ఉండేది కాదు. పెద్దది అడిగిన మాట మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది. అయినా చెబుతున్నాను, ఆడపిల్ల ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళకే అడగడం మంచిది. మనం నలభై దాటాక కూడా అడగలేకపోతున్నాం.

కుళాయి నీళ్ళలో కలిసిపోయే ఏడుపు ఎవరికి పనికొస్తుంది? నేను దాన్ని పనికొచ్చేట్టు చేశాను.

నా దగ్గరికి వచ్చెయ్. పిల్లల్ని తెచ్చుకో. ముందుగది ఖాళీ చేయిస్తాను, కొత్త మిషన్ కొనిపెడతాను, కిటికీ పక్కన వేసుకుని ఎంతసేపు కావాలంటే అంతసేపు కుట్టుకో. బట్టలు కూడా సర్దుకోనక్కర్లేదు, ఉన్నపళంగా రా. నావి బోలెడున్నాయి.

నీ మంచి కోరే,
అక్క


ఆగస్టు 5

అక్కగారికి నమస్కారములు. మీ ఉత్తరం చేరింది.

ఇలా రాసుకుపోదామనుకున్నాను. రెండో వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. మామూలుగానే రాస్తాను.

ఏ వాక్యం అబద్ధమని అడిగావు. ఒక్కటీ కాదు. నీ మరిదైతే మిషన్ పంపేసి, నువ్వు రాయని వాక్యాలు కూడా నిజం చేసి చూపించారు. మిషన్ తెచ్చి ఉన్నచోట పెట్టమని ఆయన్ని అడిగాను. గట్టిగానే అడిగాను, అత్తగారి ఎదుట, పిల్లల ఎదుట. "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం మీద ఇప్పుడు మా ఇంట్లో రోజూ యుద్ధమే. ఎవరు గెలుస్తారో నీకు రాయను. ఇక ఏదీ రాయను.

అబద్ధమైతే నీమీద అరిచి, ఏడ్చి, మళ్ళీ కలిసిపోయేదాన్ని. నిజమే రాశావు. అది నాది. దాన్ని ఎప్పుడు, ఎవరితో, ఎంతవరకు చెప్పాలో నేను తేల్చుకోకముందే ఊరందరికీ పంచేశావు. అరలో ఊరికే పడుందనుకున్నావు.

అడగడానికీ లాక్కోవడానికీ తేడా లేదన్నావు. ఎప్పుడైనా అడిగి చూడు, తెలుస్తుంది. నీ ఇంట్లో నీ చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసే ఆవిడ ఉంది కదా, నేను వచ్చినప్పుడల్లా "ఏం చిన్నమ్మా" అని పలకరించేది. ఇంటిచాకిరీ మీద ఇన్ని రాశావు, ఆవిడ ఊసు ఎక్కడా లేదు. రాయి. ముందు ఆవిడని అడుగు.

నేను గుండీలు కొరికేదాన్నని స్టాఫ్‌రూములో కూడా చెప్పి నవ్వించావట. ఎందుకు కొరికేదాన్నో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. గుండీలు లేకపోతే ఆ గౌను పనికిరాదని పక్కన పడేస్తారని, నాకంటూ ఒకటి కుట్టిస్తారని. అమ్మ ప్రతిసారీ వేరే గుండీలు కుట్టి నీ గౌనే తొడిగేది.

ఈ ఉత్తరం వెనకే పార్సిల్ వస్తుంది. నీ గౌన్లు, చొక్కాలు, బూడిదరంగు ప్యాంటు, నీలం కోటు, ఇన్నేళ్ళుగా అరలో పేరుకున్నవన్నీ. ఉతికి మడతలు పెట్టాను. గుండీలన్నీ ఉన్నాయి, చూసుకో.

మొన్న అత్తగారి గలీబు తీసుకుని కుట్లు విప్పాను. ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నేను విప్పుతుంటే తెగిన దారాలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. గుడ్డ నేలమీద పరిచాను. నీ వ్యాసంతో తీసిన చెయ్యి కాగితం దాచే ఉంచాను, దాన్ని ఆ గుడ్డమీద పెట్టాను. ఈసారి బోర్లించి పెట్టాను. నీ ముఖం కిందికి. మోకాలు వేసి నొక్కిపట్టి కత్తిరించాను. చొక్కాకి కుడివైపున్న పాత చెయ్యి ఊడదీసి, ఇది వేశాను. మిషన్ లేదు కదా, చేత్తోనే కుట్టాను.

మూడో అరలో ఇప్పుడు ఒకే ఒక్క చొక్కా ఉంది. కుడిచెయ్యి సరిగ్గా కుదిరింది.

చెల్లెలు